ఫ్లోరోసిస్ వెన్నెముకలకు భద్రమైన ఆపరేషన్ కావాలి: వైద్య ఆరోగ్య శాఖకు నల్లగొండ నుంచి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ ఉన్నతాధికారులకు, ఆరోగ్యశ్రీ ప్యాకేజీలను నిర్ణయించే నిపుణులకు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో పనిచేస్తున్న న్యూరోసర్జన్లకు, వెన్నెముక శస్త్రచికిత్స వైద్యులకు

నమస్కారములతో రాయునది.

నేను నల్లగొండ జిల్లాలో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు మండలాల్లో వెన్నెముక ఆపరేషన్ చేయించుకొని ఇంటికి వచ్చినవారిని, ఆపరేషన్ కోసం ఎదురుచూస్తూ మంచం పట్టినవారిని చూడటం నా వృత్తిలో భాగం. ఫ్లోరోసిస్ వల్ల, అంటే ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు తాగి ఎముకలు దెబ్బతినే జబ్బు వల్ల, వెన్నుపాము నలిగిపోతున్న రోగులకు, ఎముకను కోసే అల్ట్రాసోనిక్ పరికరం, దాన్ని వాడటం తెలిసిన బృందం ప్రభుత్వ రంగంలో అందుబాటులోకి రావాలని కోరుతూ రోగుల కుటుంబాలతో కలిసి ఇంతకు ముందే రాతపూర్వకంగా అర్జీ ఇచ్చాము. అందినట్టు రసీదు ఇచ్చారు. తర్వాత అడిగితే పరిశీలనలో ఉందన్నారు. మళ్లీ అడిగితే ఏ సెక్షన్‌లో ఉందో చూసి చెబుతామన్నారు. ఏ ఒక్క అధికారినీ వేలెత్తి చూపడం నా ఉద్దేశం కాదు. అయితే వెన్నుపాము మీద ఒత్తిడి పెరుగుతున్న మనిషికి, ఫైలు కదలకుండా గడిచే ప్రతి నెలా కాళ్లలో మిగిలిన సత్తువలో కొంత తీసుకుపోతుంది. అందుకే ఈ విషయాన్ని ఇక బహిరంగంగానే మీ ముందు పెడుతున్నాను.

నల్లగొండ ఫ్లోరైడ్ కథ మీకు తెలియనిది కాదు కనుక క్లుప్తంగానే చెబుతాను. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుండగా, గ్రానైటు నేలల్లో తవ్విన మా బోర్లలో అది అంతకు అనేక రెట్లు ఉండేది. జిల్లాలోని ఫ్లోరోసిస్ గురించి 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం వచ్చింది. ఇక్కడి పిల్లల మోకాళ్లు లోపలికి వంగిపోవడాన్ని గురించి హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1973లో లాన్సెట్ పత్రికలో రాశారు. నీటిలోని ఫ్లోరైడ్‌ను పటికతో, సున్నంతో తొలగించే పద్ధతిని రూపొందించిన జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధనా సంస్థ (నీరీ) దానికి మా జిల్లా పేరే పెట్టింది కాబట్టి, ఎక్కడో ఆఫ్రికా దేశాల ఇంజనీర్లు కూడా ‘నల్లగొండ టెక్నిక్’ అని చదువుకుంటారు. ఇలాంటి ఖ్యాతి ఏ జిల్లా కోరుకుంటుంది? 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఈ సమస్యను దేశం దృష్టికి తేవడానికి జనం పోటాపోటీగా నామినేషన్లు వేయగా నల్లగొండ స్థానంలో 480 మంది అభ్యర్థులు బరిలో నిలిచారు. ఆ తర్వాత చాలా ఏళ్లకు, 2015 జూన్‌లో మిషన్ భగీరథ పైలాన్ చౌటుప్పల్‌లో లేచింది, ఇళ్లకు కృష్ణా నీళ్లు వచ్చాయి, 2020 నాటికి రాష్ట్రంలో ఫ్లోరైడ్ ప్రభావిత ఆవాసాలు లేవని అధికారికంగా ప్రకటించారు.

ఇది చిన్న విషయం కాదు. ఇప్పుడు బడికి పోతున్న పిల్లల పళ్లు చూస్తే తేడా తెలుస్తుంది. కానీ 2020లో సున్నాకు చేరినది ఆవాసాల సంఖ్య. అంతకు ముందు ముప్పై, నలభై ఏళ్లు బోరు నీళ్లు తాగిన పెద్దల ఎముకల్లో పేరుకున్న ఫ్లోరైడ్ నల్లా తిప్పితే కడుక్కుపోదు. ఎముకలోని ఖనిజంతో ఫ్లోరైడ్ కలిసి దాన్ని మరింత దట్టంగా మారుస్తుంది. వెన్నుపూసలను కలిపి ఉంచే లిగమెంట్లు, రబ్బరులా సాగవలసినవి, క్రమంగా ఎముకగా మారిపోతాయి. వెన్నుపాము ప్రయాణించే నాళం అటు ముందు నుంచీ, ఇటు వెనుక నుంచీ ఇరుకవుతుంది. ఎముకల ఫ్లోరోసిస్ ఉన్నవారిలో సుమారు పది శాతం మందికి నరాల సమస్యలు వస్తాయని వైద్య గ్రంథాలు చెబుతున్నాయి. నీటి సమస్య తీరిందన్న సంతోషంలో వీరి లెక్క ఎవరి పద్దులోనూ లేకుండా పోయింది.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ స్థితికి చేరిన రోగికి మందుల వల్ల ప్రయోజనం లేదు. వెన్నుపాము మీద పడుతున్న ఒత్తిడిని తీయాలంటే వెనుకవైపు కప్పులా ఉండే ఎముక పలకలను, వాటికింద ఎముకగా మారిన లిగమెంటును తొలగించాలి. లామినెక్టమీ అని పిలిచే ఈ ఆపరేషన్‌లో సర్జన్ చేతిలో సాధారణంగా ఉండేది నిమిషానికి అరవై, డెబ్బై వేల చుట్లు తిరిగే డ్రిల్లు, ఎముకను కొరికి తీసే పంచ్. ఎముక కింద డ్యూరా అనే పలుచని పొర ఉంటుంది, ఆ పొర లోపల వెన్నుద్రవంలో వెన్నుపాము ఉంటుంది. పచ్చి కోడిగుడ్డు పెంకును డ్రిల్లుతో అరగదీసి లోపలి పొర చిరగకుండా ఉంచడం ఎంత నేర్పు కోరుతుందో ఇదీ అంతే. కొత్తగా నేర్చుకునే సర్జన్ల చేత నిజంగానే గుడ్ల మీద సాధన చేయించేవారున్నారు.

మామూలు రోగిలో ఈ పని ఒక ఎత్తు, ఫ్లోరోసిస్ రోగిలో మరో ఎత్తు. ఇక్కడ ఎముక మందంగా, అతిగట్టిగా ఉంటుంది కనుక డ్రిల్లు ఎక్కువసేపు ఆడించాలి, ఎక్కువ నొక్కాలి. ఎముక ఎక్కడ ముగిసి పొర ఎక్కడ మొదలవుతుందో చేతికి తెలిసే తేడా తగ్గిపోతుంది. కొందరిలో ఎముకగా మారిన లిగమెంటు డ్యూరాకు అంటుకుపోయి ఉంటుంది. తిరుగుతున్న బర్ (డ్రిల్లు మొన) జారినా, పొర అంచు దానికి చుట్టుకున్నా, నష్టం రెప్పపాటులో జరిగిపోతుంది. డ్యూరా చిరిగితే వెన్నుద్రవం కారుతుంది, రోగి రోజుల తరబడి వెల్లకిలా పడుకోవాలి, ఇన్ఫెక్షన్ సోకితే మెదడు, వెన్నుపాము పొరల వాపు (మెనింజైటిస్) దాకా పోవచ్చు. పంచ్ మూతిని ఇరుకు నాళంలోకి దూర్చినప్పుడు అప్పటికే నలిగి ఉన్న వెన్నుపాము మీద ఇంకాస్త ఒత్తిడి పడితే, ఊతకర్రతో నడిచి ఆపరేషన్ థియేటర్‌కు వెళ్లిన మనిషి స్ట్రెచర్ మీద ఇంటికి రావచ్చు. ఛాతీ భాగంలోని వెన్నెముకలో నాళం సహజంగానే ఇరుకు, అక్కడ వెన్నుపాముకు రక్తం అందడం కూడా తక్కువ, కాబట్టి ఈ భయం అక్కడ మరీ ఎక్కువ.

ఈ ప్రమాదాన్ని తగ్గించడానికే అల్ట్రాసోనిక్ ఎముక కత్తి వచ్చింది. దీని వెనుక ఉన్న సూత్రం కొత్తది కాదు. కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని క్యూరీ సోదరులు 1880లోనే కనుగొన్నారు. దాన్ని తిరగేసి, అలాంటి గుణమున్న పలకలకు విద్యుత్తు అందిస్తే అవి కంపిస్తాయి. ఆ కంపనాన్ని చేతిలో పట్టుకునే పిడి ద్వారా లోహపు బ్లేడుకు పంపితే, అది సెకనుకు ఇరవై వేలకు పైగా సార్లు, మన చెవికి వినిపించనంత వేగంతో, ముందుకూ వెనక్కూ కదులుతుంది. కదిలే దూరం మాత్రం మిల్లీమీటరులో కొన్ని వంతులే. గట్టిగా ఉండే ఎముక ఆ తాకిడిని తట్టుకోలేక ఆ గీత మేరకు పొడిగా రాలిపోతుంది. సాగే గుణమున్న డ్యూరా, రక్తనాళాలు, నరాలు అదే తాకిడికి లోపలికి ఒదిగి వెనక్కి వస్తాయి కనుక వెంటనే తెగవు. బ్లేడు గుండ్రంగా తిరగదు కాబట్టి పొరనో, పక్కన పెట్టిన దూది పట్టీనో చుట్టి లాగే ప్రమాదం ఉండదు. కోత సన్నగా ఉంటుంది, కోసిన అంచుల నుంచి రక్తం కారడం తక్కువగా ఉంటుంది, ఎముక పలకను పొడి చేయకుండా ముక్కగా ఎత్తి తీయవచ్చు, అవసరమైతే ఆ ముక్కనే వెన్నుపూసలను అతికించడానికి తిరిగి వాడవచ్చు.

పరికరాన్ని పొగిడి మీ చేత కొనిపించడం నా పని కాదు కనుక దాని పరిమితులూ చెప్పాలి. ఇది డ్యూరాను చింపదు అనడం అబద్ధం. ఈ పరికరంతో చేసిన 128 మంది రోగుల వెన్నెముక ఆపరేషన్లను పరిశీలించి 2013లో అమెరికా వైద్యులు ప్రచురించిన ఒక అధ్యయనంలో 11 మందికి డ్యూరా గాయాలయ్యాయి, వాటిలో నేరుగా ఈ పరికరం వల్ల అయినవి రెండు. ఒకే చోట ఎక్కువసేపు ఆనించి పెడితే వేడి పుడుతుంది. ఎముక కణాలు 47 డిగ్రీల వేడిని ఒక్క నిమిషం పాటు భరించాల్సి వచ్చినా చచ్చిపోయే ప్రమాదముంది. అందుకే కోత పొడవునా సెలైన్ ధార ఆగకుండా పడాలి, బ్లేడును కదుపుతూ ఉండాలి, చివరి పొర దగ్గర చేతిని ఆపడం సర్జన్ నేర్చుకోవాలి. ఇంతవరకు వచ్చిన అధ్యయనాల్లో చాలా భాగం గడిచిన కేసులను వెనక్కి తిరిగి చూసి రాసినవే. మంచి చేయి ఉన్న సర్జన్ వజ్రపు బర్‌తోనూ అద్భుతంగా చేస్తాడు, మన రాష్ట్రంలో దశాబ్దాలుగా చేస్తున్నారు కూడా. నా వాదన ఒక్కటే: అతి కఠినమైన ఎముక, అతి ఇరుకైన నాళం, పొరకు అంటుకుపోయిన లిగమెంటు ఒకే రోగిలో కలిసినప్పుడు, పొరపాటుకు తావు తగ్గించే పరికరం ఆ టేబుల్ దగ్గర ఉండాలి. అలాంటి రోగులు దేశంలో ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో మాదొకటి. నేను చూసిన రోగుల్లో ఒక్కరికి కూడా ఆ పరికరం ప్రభుత్వ ఖర్చుతో అందలేదు.

ఈ నేపథ్యంలో, ఒక్కో అంశం వల్ల సామాన్యులకు జరుగుతున్నదేమిటో చెబుతూ, మా విజ్ఞప్తులను వరుసగా మీ ముందుంచుతున్నాను.

1. రోగిని సకాలంలో గుర్తించే ఏర్పాటు చేయాలి. వెన్నుపాము నలుగుతున్న మనిషికి తొలి దశలో నొప్పి పెద్దగా ఉండకపోవచ్చు. నడుస్తుండగా కాలి చెప్పు జారిపోయినా తెలియదు, నాలుగడుగులు వేశాక వెనక్కి చూసి తెచ్చుకుంటారు. కాళ్లు కట్టెల్లా బిగుస్తాయి. తర్వాత మూత్రం ఆపుకోలేకపోవడమో, ఎంతసేపటికీ రాకపోవడమో మొదలవుతుంది. అప్పటిదాకా కీళ్లవాతమని నొప్పి గోళీలు, సూదులు వాడుతూనే ఉంటారు. చెప్పు జారడం, కాళ్లు బిగియడం, మూత్రం తేడా రావడం అనే మూడు ప్రశ్నలను ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు ఇంటింటి సర్వేలో అడిగితే చాలు, ఎమ్మారై అవసరమైనవారు ముందే దొరుకుతారు. పూర్తిగా కాళ్లు పడిపోయాక ఎంత ఖరీదైన కత్తితో కోసినా పోయిన నరాల శక్తి తిరిగి రావడం అరుదు.

2. ఈ పరికరాన్ని హైదరాబాద్‌లోని ఒక ప్రభుత్వ ఉన్నత వైద్య సంస్థలో ఫ్లోరోసిస్ రోగులకు కేటాయించిన థియేటర్ రోజుతో పాటు, దక్షిణ తెలంగాణలో కనీసం ఒక ప్రభుత్వ బోధనాసుపత్రిలో ఏర్పాటు చేయాలి. మహబూబ్‌నగర్‌లో 2016 నుంచి, నల్లగొండలో 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలు నడుస్తున్నాయి. బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. అది కేంద్రం చేతిలోనిదైనా, రాష్ట్రం చొరవ తీసుకొని మాట్లాడితే మా జిల్లాల రోగులకు దగ్గరి దారి అవుతుంది. నల్లగొండ నుంచి హైదరాబాద్ వంద కిలోమీటర్లే కదా అని మీకు అనిపించవచ్చు. ఆడవారికి ఆర్టీసీ బస్సులో టికెట్ డబ్బులు కూడా అక్కర లేదు. అయితే మోకాలు వంగక, నడుము నిలవక, బస్సు మొదటి మెట్టు మీద కాలు పెట్టలేని మనిషికి ఉచిత ప్రయాణం ఏ విధంగా ఉపయోగం? కారు మాట్లాడుకోవాలి, వెంట ఇద్దరు రావాలి, ఆ ఇద్దరి కూలీ పోతుంది. ఓపీలో చూసి, స్కాన్‌కు ఒక తేదీ, రిపోర్టుకు ఒక తేదీ, బెడ్ ఖాళీకి ఇంకో తేదీ ఇస్తే, ఆపరేషన్ మొదలు కాకముందే మేకలో, చెవుల కమ్మలో అమ్ముడుపోతాయి.

3. బ్లేడు ఖర్చును ఆరోగ్యశ్రీ ప్యాకేజీలో స్పష్టంగా చేర్చాలి. ఈ లేఖలో అన్నిటికంటే ముఖ్యమైన విజ్ఞప్తి ఇదే అని నేను భావిస్తున్నాను, కనుక కొంచెం వివరంగా రాస్తాను. యంత్రాన్ని ఒకసారి కొంటే సంవత్సరాల పాటు ఉంటుంది. కానీ ప్రతి ఆపరేషన్‌కూ కొత్త బ్లేడు, సెలైన్ పంపే కొత్త గొట్టం కావాలి, వీటి ఖరీదు వేల రూపాయల్లో ఉంటుంది. ప్యాకేజీ ధర లామినెక్టమీ అనే ఆపరేషన్‌కు నిర్ణయించి, అందులోనే అన్నీ సర్దుకొమ్మంటే, ప్రభుత్వ ఆసుపత్రి అయినా ప్రైవేటు ఆసుపత్రి అయినా బ్లేడును పక్కన పెట్టి డ్రిల్లుకే మొగ్గు చూపడం సహజం. లేదంటే ‘అది బయట నుంచి తెచ్చుకోవాలమ్మా’ అని రోగి బంధువు చేతికి చీటీ వస్తుంది. ఆ చీటీ పట్టుకొని కారిడార్‌లో నిలబడి ఎవరికి ఫోన్ చేయాలో తోచక చూస్తున్నవారిని నేను చూశాను. 2023 డిసెంబర్‌లో ఆరోగ్యశ్రీ పరిమితిని ఐదు లక్షల నుంచి పది లక్షలకు పెంచడం హర్షణీయం. అయితే కుటుంబానికి ఉన్న పరిమితి ఎంత పెరిగినా, ఆ ఒక్క ఆపరేషన్‌కు రాసి ఉన్న ధరలో బ్లేడుకు చోటు లేకపోతే ఆ పది లక్షలు ఆ బ్లేడు దాకా రావు. ఎముకల ఫ్లోరోసిస్ వల్ల వెన్నుపాము నలగడం, ఎముకగా మారిన లిగమెంట్ల తొలగింపు అనే వాటికి వేరే కోడ్ పెట్టి, బ్లేడుకు విడిగా చెల్లింపు ఇవ్వండి. దుర్వినియోగం అవుతుందని అనుమానముంటే ఆపరేషన్‌కు ముందు సీటీ స్కాన్, ఎమ్మారై చూసి అనుమతించండి, బ్లేడు ప్యాకెట్ మీది స్టిక్కర్‌ను కేసు షీట్‌లో అతికించమనండి. గుండెలో వేసే స్టెంట్ల విషయంలో ఇలాంటి పద్ధతి మీకు అలవాటైనదే.

ఖరీదైన సాంకేతికత పేదలకెందుకు అన్న మాట సమావేశాల్లో వినిపిస్తుంటుంది. శుక్లాన్ని ఇదే అల్ట్రాసౌండ్ కంపనంతో పొడి చేసి తీసే ఫేకో పద్ధతిని అమెరికాలో చార్లెస్ కెల్మన్ 1967లో మొదలుపెట్టినప్పుడు అది సంపన్నుల వైద్యమే. ఇవాళ మా మండలాల ముసలివాళ్లు కంటి క్యాంపులో పేరు రాయించుకొని ఫేకో చేయించుకొని సాయంత్రానికి నల్ల కళ్లద్దాలతో ఇంటికి వస్తున్నారు. ఆరోగ్యశ్రీ కూడా 2007 ఏప్రిల్‌లో మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. పేదల వైద్యం ఎలా ఉండాలో తేల్చిన ప్రయోగం మా నేల మీదే జరిగింది కనుక, ఈ ప్రశ్నకు జవాబు కోసం దూరం వెళ్లనక్కర లేదు.

4. యంత్రంతో పాటు మనుషులను సిద్ధం చేయాలి. ఇక్కడ సర్జన్ ఒక్కరితో పని కాదు. ఫ్లోరోసిస్ రోగి మెడ వంగదు, తల వెనక్కి వాలదు, కనుక మత్తు ఇచ్చేటప్పుడు శ్వాసగొట్టం వేయడమే ఒక పరీక్ష. గొంతు లోపలి దారి చూపే ఫైబర్ ఆప్టిక్ స్కోపు, దాన్ని వాడిన అనుభవం ఉన్న మత్తు డాక్టర్ లేకుండా ఈ కేసు పట్టుకోకూడదు. పక్కటెముకల కీళ్లు బిగుసుకుపోవడం వల్ల ఛాతీ సరిగా విప్పారదు, ఆపరేషన్ తర్వాత వెంటిలేటర్ అవసరం పడవచ్చు. తుంటి, మోకాళ్లు వంగిన స్థితిలోనే బిగుసుకున్న మనిషిని టేబుల్ మీద బోర్లా పడుకోబెట్టడానికి దిండ్లు ఎక్కడ పెట్టాలో తెలిసిన థియేటర్ సిబ్బంది కావాలి. ఆపరేషన్ జరుగుతుండగా వెన్నుపాము సంకేతాలను గమనించే న్యూరో మానిటరింగ్ కావాలి. ఇవేవీ సమకూర్చకుండా ఒక యంత్రం కొని, రిబ్బన్ కత్తిరించి, ఫొటో దిగి, తాళం వేయడం జరిగితే మా అర్జీ నెరవేరనట్టే. అలా గుడ్డ కప్పి ఉంచిన యంత్రాలను మనమందరం చూసినవాళ్లమే.

5. ఒకసారికే అని ముద్రించి ఉన్న బ్లేడును మళ్లీ మళ్లీ శుద్ధి చేసి వాడకుండా కట్టడి చేయాలి. అరిగిన బ్లేడు కోయదు, సర్జన్ ఎక్కువ నొక్కుతాడు, వేడి పెరుగుతుంది. నష్టం తగ్గించాలని తెచ్చిన పరికరమే నష్టానికి కారణమవుతుంది.

6. ఫలితాలను నమోదు చేయాలి, ప్రకటించాలి. ఏ రోగికి డ్రిల్లుతో చేశారు, ఎవరికి అల్ట్రాసోనిక్ పరికరంతో చేశారు, రక్తం ఎంత పోయింది, డ్యూరా చిరిగిందా, ఆరు నెలల తర్వాత నడుస్తున్నారా అనే వివరాలు, పేర్లు లేకుండా, ఏటా బయటపెట్టండి. ఈ పరికరం వల్ల మా రోగులకు నిజంగా మేలు జరగడం లేదని ఆ లెక్కలు తేల్చితే, దాన్ని ఆపేయమని అడిగేవాళ్లలో నేనూ ఉంటాను. నల్లగొండ ఎముకల మీద డెబ్బై ఏళ్లుగా పరిశోధనా వ్యాసాలు వస్తున్నాయి. మా ఎముకలతో లోకం నేర్చుకున్నది చాలా ఉంది, ఈసారి ఆ లెక్క మాకు కూడా ఉపయోగపడాలి.

7. ఆపరేషన్ అయ్యాక రోగిని వదిలేయకూడదు. మర్రిగూడ మండలంలోని ఒక పల్లెలో నేను చూస్తున్న ఒక తల్లికి ఆపరేషన్ జరిగి, కుట్లు మానాయి, డిశ్చార్జ్ కాగితం మీద ఫిజియోథెరపీ చేయించుకోవాలని ఒక వాక్యం రాసి పంపారు. ఆమె మంచం పైనున్న దూలానికి పాత చీర ఒకటి వేలాడదీసి ముడి వేశారు. రెండు చేతులతో దాన్ని పట్టుకొని లేస్తే గానీ కూర్చోలేదు. మూత్రపు గొట్టం మార్చడానికి ఊళ్లోని ఆర్‌ఎంపీ వస్తాడు. నడుము కింద పడక పుండు పడింది, దాన్ని కోడలు పొద్దున, సాయంత్రం కడుగుతుంది, ఆ కోడలు పత్తి ఏరే కూలికి పోలేకపోతోంది. వికలాంగుల పింఛను నెలకు 4,016 రూపాయలు వస్తుంది. డైపర్లు, గాజు గుడ్డ, ఆయింట్‌మెంట్ కొన్నాక అందులో బియ్యానికి మిగిలేది కొంచెమే. వెన్నెముక ఆపరేషన్ చేయించుకున్న ప్రతి రోగికీ కనీసం ఆరు నెలలు ఇంటి దగ్గర ఫిజియోథెరపీ, మూత్రపు గొట్టం మార్పిడి, గాలి పరుపు అందేలా ఆరోగ్య ఉపకేంద్రాల ద్వారా ఏర్పాటు చేయండి. మండలానికి ఒక ఫిజియోథెరపిస్టు చొప్పున నియమించడానికి అయ్యే ఖర్చు, చెడిపోయిన ఒక్కో ఆపరేషన్‌ను సరిదిద్దడానికి అయ్యే ఖర్చుతో పోల్చి చూడండి.

8. ఈ ఏర్పాటు ఫ్లోరోసిస్ రోగులకే పరిమితం కానక్కర లేదు. తాటిచెట్టు మీద నుంచి పడి నడుము విరిగిన గీత కార్మికులు మా జిల్లాలో ప్రతి సీజన్‌లోనూ ఉంటారు; చెట్టు నుంచి పడకుండా కాపాడేందుకు 2024లో ఇచ్చిన కాటమయ్య రక్షణ కిట్లతో ఆ సంఖ్య తగ్గుతుందని ఆశిస్తున్నాము, ఇంతకు ముందు పడినవారికి మాత్రం వైద్యమే దిక్కు. భవన నిర్మాణానికి వలస వెళ్లి పరంజా మీద నుంచి జారిపడిన పాలమూరు కూలీల సంగతీ అంతే. మంచి వెన్నెముక విభాగం ఒకటి దగ్గర్లో ఉంటే వీరందరికీ పనికివస్తుంది.

9. జాతీయ ఫ్లోరోసిస్ నివారణ, నియంత్రణ కార్యక్రమం 2008-09లో మొదలైనప్పటి నుంచి దాని మార్గదర్శకాల్లో శస్త్రచికిత్స, పునరావాసం అనే మాటలు ఉన్నాయి. నీటి పరీక్షలకు, శిక్షణ తరగతులకు, కరపత్రాలకు ఎంత ఖర్చయింది, ఆపరేషన్లకు ఎంత ఖర్చయిందన్నది జిల్లాల వారీగా ప్రకటించండి. చౌటుప్పల్ ప్రాంతంలో పెడతామన్న ప్రాంతీయ ఫ్లోరైడ్ పరిశోధనా కేంద్రం విషయంలో రాష్ట్రం, కేంద్రం ఒకరి మీద ఒకరు చెప్పుకోవడం మాని, అది వస్తుందో రాదో, వస్తే అందులో వెన్నెముక ఆపరేషన్ థియేటర్ ఉంటుందో లేదో రాతపూర్వకంగా తెలపండి.

సర్జన్లకు విడిగా ఒక మాట. మీలో చాలామంది చాలీచాలని సదుపాయాలతో, అరిగిన బర్‌లతో, గంటల తరబడి నిలబడి మా రోగులకు ఆపరేషన్లు చేసి నడిపించారు. వారి కుటుంబాలు మిమ్మల్ని దేవుళ్లుగా చూస్తాయి. ఈ పరికరం అవసరమో కాదో, ఎలాంటి కేసుల్లో అవసరమో చెప్పాల్సింది మీరే. కొనుగోలు కమిటీ ముందు ఒక ఫిజియోథెరపిస్టు మాటకు విలువ ఉండకపోవచ్చు, వృత్తి సంఘాలుగా మీరు రాసి ఇస్తే ఉంటుంది. అవసరం లేదని మీరు భావిస్తే ఆ మాటనూ కారణాలతో సహా బహిరంగంగా చెప్పండి, మేము వినడానికి సిద్ధంగా ఉన్నాము. మౌనంగా మాత్రం ఉండవద్దని మనవి.

అధికారులను నేను కోరేది అరవై రోజుల్లో రాతపూర్వక సమాధానం. అన్ని అంశాలూ ఒకేసారి సాధ్యం కావని మాకు తెలుసు. ఒకటవ అంశానికి దాదాపు ఖర్చే లేదు, ఒక సర్క్యులర్ చాలు, దాన్ని వెంటనే మొదలుపెట్టవచ్చు. మూడవ అంశానికి ప్యాకేజీల తదుపరి సవరణ దాకా ఆగాల్సి వస్తే ఆ సవరణ ఎప్పుడో తేదీ చెప్పండి. ఆరవ అంశానికి ఇప్పుడు జరుగుతున్న ఆపరేషన్ల రికార్డులు చాలు. మీరు పిలిస్తే, రోగుల అనుమతితో వారి స్కాన్లు, డిశ్చార్జ్ కాగితాలు తీసుకొని నేను వస్తాను. రాగలిగిన రోగులూ వస్తారు. సమావేశం పై అంతస్తులో పెట్టేటట్లయితే లిఫ్టు పనిచేస్తున్నదో లేదో ముందుగా తెలియజేయగలరు.

భవదీయుడు,
ఫ్లోరోసిస్ బాధిత కుటుంబాల తరఫున
ఒక ఫిజియోథెరపిస్టు,
నల్లగొండ జిల్లా